ఇప్పుడేం చదువుతాండావమ్మా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో 1978 పదో తరగతి బ్యాచ్ విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవ కమిటీ వాళ్ళు ఫోన్ చేసి, "అక్కా, పదిహేను నిమిషాలు మాట్లాడల్ల, నువ్వు ఇప్పుడు ఏ పుస్తకాలు చదువుతాండావో చెప్పు చాలు" అన్నారు. చాలా సులువైన పని అప్పజెప్పినారనుకొని సరే అన్నాను. రాత్రి పడుకున్న తర్వాత గుర్తొచ్చింది, ఇదే ప్రశ్నకు ఈ బడిలోనే ఒకసారి అబద్ధం చెప్పి దొరికిపోయినానని. కాబట్టి ముందు ఆ సంగతి ఒప్పుకొని మొదలుపెడతాను.

మా కాలంలో లైబ్రరీ అంటే హెడ్మాస్టరు గదిలో ఉండే ఒక చెక్క బీరువా. తాళం చెవి అటెండరన్న మొలతాడుకు ఉండేది. సోమవారం ఆఖరు పీరియడులో తెలుగు సారు ఆ బీరువా తీయించి, మమ్మల్ని వరుసలో నిలబెట్టేవారు. తిరిగి ఇచ్చిన పుస్తకం చేతిలోకి తీసుకొని మూడు ప్రశ్నలు అడిగేవారు. ఏ పుస్తకం చదువుతాండావు? ఎన్నో పేజీలో ఉండావు? యాడ అర్థం కాలేదు? మూడో ప్రశ్నకు జవాబు చెప్పినవాళ్ళకే ఇంకో పుస్తకం.

ఒక వారం నేను గోర్కీ 'అమ్మ' తీసుకుపోయినాను. అట్ట చూసి తీసుకున్నదే గానీ, నాలుగు పేజీలు దాటలేదు. సోమవారం వచ్చింది. "మొత్తం చదివినాను సార్" అన్నాను. "యాడ అర్థం కాలేదమ్మా?" అన్నారు. "అంతా అర్థమైంది సార్" అన్నాను. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. నవ్వి, "ఆ పుస్తకం నాకే అంతా అర్థం కాలేదే, నీకెట్లయిందమ్మా?" అన్నారు. వరుసంతా నవ్వింది. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "చదవలేదని చెప్పేదానికి సిగ్గుపడద్దు. చదివినానని చెప్పేదానికి ముందు ఒకసారి ఆలోచించు" అన్నారు. అందుకని ఈ రోజు చెప్పేవన్నీ నేను నిజంగా చదువుతున్నవే. అర్థం కానివి ఎక్కడెక్కడ ఉన్నాయో కూడా చెబుతాను.

ఇంకో ఒప్పుకోలు కూడా ఉంది. పోస్టాఫీసులో 38 ఏళ్ళు పనిచేసినాను. అందులో దగ్గర దగ్గర ఇరవై ఏళ్ళు ఒక్క పుస్తకం కూడా పూర్తిగా చదవలేదు. ఇల్లు, పిల్లలు, కౌంటరు. ఆ రోజుల్లో నేను చదివిన సాహిత్యమంతా మనియార్డరు ఫారం కింద ఉండే చిన్న జాగాలోదే. వానలు పోయిన ఏడు పల్లెల్లో మగవాళ్ళు బెంగళూరికి మట్టి పనికి పోతారు కదా, వాళ్ళు పంపే డబ్బుతో పాటు ఆ జాగాలో రెండు మాటలు వచ్చేవి. చదువు రాని అమ్మలు కౌంటరు దగ్గర నిలబడి, "ఏం రాసినాడో సూడు తల్లీ" అనేవాళ్ళు. విత్తనాలు అప్పుడే కొనద్దు, పదును చూసి చెప్పు. పాపను బడి మాన్పించద్దు. ఎద్దులు అమ్మితే నాకు చెప్పి అమ్ము. ఇంతే ఉండేది. ఆ రెండు మాటలు వినడానికి వాళ్ళు ఎండలో నాలుగు మైళ్ళు నడిచి వచ్చేవాళ్ళు. ఒకసారి చదివితే చాలదు, రెండోసారి చదివించుకునేవాళ్ళు. చదువుకు అంత విలువ ఇచ్చినవాళ్ళను నేను మళ్ళీ యాడా చూడలేదు.

2022లో రిటైరైనాను. అదే ఏడు మన జిల్లా కూడా రెండైంది. పుట్టపర్తి కేంద్రంగా సత్యసాయి జిల్లా వచ్చింది. ఇంట్లో కూర్చుంటే తోచలేదు. ఆ సోమవారం వరుస గుర్తొచ్చింది. ఎక్కడ మొదలుపెట్టల్ల అనుకొని, మన నేల మీద పుట్టిన పుస్తకాలతోనే మొదలుపెట్టినాను.

మొదటిది బండి నారాయణస్వామి గారి 'శప్తభూమి'. 2019లో దీనికి కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దపు మన సీమ కథ, అనంతపురాన్ని ఏలిన హండే పాలకుల కాలం. రాజుల కథేమో అని తెరిచినాను. చదవంగా చదవంగా తెలిసింది, రాజు పల్లకీ కంటే దాన్ని మోసేవాళ్ళు, గొర్లు కాసేవాళ్ళు, గుడికి వదిలేసిన ఆడపిల్లలు ఇందులో పెద్దగా కనబడతారని. ఇప్పుడు రెండోసారి చదువుతున్నాను. మొదటిసారి కథ కోసం పరుగెత్తినాను, ఈసారి మాటల కోసం నిలబడుతున్నాను. నాకు అర్థం కానిది ఒకటుంది. ఇన్ని అన్యాయాలు భరించిన మనుషులు ఆ పాలకుల కోసమే ప్రాణాలకు ఎట్ల తెగించినారు? రెండోసారీ జవాబు దొరకలేదు.

రెండోది తిరుమల రామచంద్ర గారి ఆత్మకథ 'హంపీ నుంచి హరప్పా దాక'. ఆయనదీ మన ధర్మవరం పక్క పల్లే. సంస్కృతం, ప్రాకృతం చదివి, స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు పోయి, లాహోరు దాకా తిరిగి, పత్రికల్లో పనిచేసిన మనిషి. ఆయన 1997లో పోయినారు, ఈ పుస్తకానికి అకాడెమీ పురస్కారం 2001లో వచ్చింది. అంత పండితుడు తన కథ చెబుతుంటే అరుగు మీద కూర్చొని మాట్లాడినట్టే ఉంటుంది. ఇందులో నాకు అర్థం కానివి చాలానే ఉన్నాయి. ప్రాకృత భాష గురించి వచ్చిన చోట పేజీలు మెల్లగా తిప్పినాను, కొన్ని దాటేసినాను కూడా. సారు ఉంటే ఒప్పుకునేవారు.

మూడోది చిన్న పుస్తకం, కట్టమంచి రామలింగారెడ్డి గారి 'ముసలమ్మ మరణము'. బుక్కరాయసముద్రం చెరువు కట్ట మీదుగా బస్సులో పోయిన వాళ్ళందరికీ ముసలమ్మ పేరు తెలుసు. సి.పి. బ్రౌను సేకరించి అచ్చు వేయించిన 'అనంతపుర చరిత్ర'లో ఆ కథ ఉండేది. దాన్ని తీసుకొని, ఇరవై ఏళ్ళు కూడా నిండని కట్టమంచి వారు 1899లో కావ్యం రాసినారు. మన ఊరి చెరువు కట్ట మీది కథ ఆధునిక తెలుగు కవిత్వానికి తొలి మెట్లలో ఒకటైందని పండితులు చెబుతారు. ఈ పుస్తకం సంగతి మళ్ళీ వస్తుంది, కొంచెం ఆగండి.

నాలుగోది విద్వాన్ విశ్వం గారి 'పెన్నేటి పాట'. విశ్వం గారు తరిమెలలో పుట్టినారు. ఈ కావ్యాన్ని 1956లో తెలంగాణ రచయితల సంఘం వాళ్ళు పుస్తకంగా తెచ్చినారు. నీళ్ళు లేని పెన్న గట్టున రంగడు, గంగమ్మ అనే పేద ఆలుమగల కథ. ఐదోది శాంతినారాయణ గారి 'నాగలకట్ట సుద్దులు', మన పల్లె రచ్చకట్ట మాటలన్నీ మన యాసలోనే. కడప జిల్లా సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి 'కొండపొలం' కూడా మధ్యలో ఉంది. కరువులో గొర్లను తోలుకొని నల్లమల ఎక్కిన గొర్లకాపరుల నవల.

పేర్ల పట్టిక ఇంతటితో చాలు. ఈ పుస్తకాలు నేను ఎవరితో కలిసి చదువుతున్నానో చెప్పల్ల. అసలు ఈ పదిహేను నిమిషాలూ నేను అడిగి తీసుకున్నది అందుకే.

ఆరో తరగతి నుంచి నా బెంచిలో నా పక్కన ఒక పిల్ల కూర్చునేది. లెక్కల్లో నాకన్నా చురుకు. సోమవారం వరుసలో నాకన్నా ముందుండేది. మూడో ప్రశ్నకు ఎప్పుడూ జవాబు ఉండేది ఆమె దగ్గర. ఎనిమిదో తరగతిలో ఉండగా ముంగారు వానలు పోయినాయి. వాళ్ళకు ఐదెకరాల మెట్ట చేను. చెనక్కాయ విత్తనాలు భూమిలోనే మాడిపోయినాయి. సంక్రాంతి సెలవుల తర్వాత ఆమె బడికి రాలేదు. కూలికి పోయింది, తర్వాత పెళ్ళయింది. మా నాయన కరెంటాఫీసులో హెల్పరు. వాన వచ్చినా రాకపోయినా ఒకటో తేదీ జీతం వచ్చేది. నేను పదో తరగతి పాసైనానంటే ఆ జీతమే కారణం. ఆమెకూ నాకూ మధ్య ఉన్న తేడా తెలివి కాదు, ఒకటో తేదీ.

మూడేళ్ళ కింద ఒక పెళ్ళిలో కలిసినాము. ఓళిగలు తింటూ మాట్లాడుకుంటున్నాము. ఉన్నట్టుండి, "ఏమ్మే, ఇప్పుడేం చదువుతాండావు?" అని అడిగింది. సారు గొంతే నాకు వినబడింది. 'శప్తభూమి' అని చెప్పినాను. "నాకు కండ్లు సరిగా కనపడవు, అచ్చరాలు గూడా మర్చిపోయినా. నువ్వు చదివి వినిపిస్తావా?" అంది.

ఆ వారం నుంచి రాత్రి ఏడున్నరకు ఫోన్ చేస్తాను. అరగంట చదువుతాను, ఏడెనిమిది పేజీలు అవుతాయి. అక్కడ ఆమె ఫోన్ గట్టిగా పెట్టి అరుగు మీద ఉంచుతుంది. మొదట ఆమె ఒక్కతే వినేది. ఇప్పుడు పక్కింటివాళ్ళు ఐదారుమంది వస్తారు. సంగటి కెలికేవాళ్ళు కెలుకుతూ, చెనక్కాయలు ఒలిచేవాళ్ళు ఒలుస్తూ వింటారు. మొదట "నిన్న యాడ నిలిపితిమి?" అంటారు. చివర "అంతేనా? తర్వాత?" అంటారు.

వాళ్ళు నాకు నేర్పింది చాలా ఉంది. 'నాగలకట్ట సుద్దులు' చదివిన మొదటి రాత్రి అందరూ పడీ పడీ నవ్వినారు. ఆమె అడిగింది, "ఇవి మన మాటలే కదా, వీటిని గూడా పుస్తకంలో అచ్చు వేస్తారా?" అని. నాకు నవ్వు రాలేదు. 'ఉండాది' అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసి 'ఉంది' అని దిద్దిన నోటు పుస్తకాలు మావి. ఆ దిద్దుబాటు వల్ల నాకు ఉద్యోగం వచ్చింది, కాదనను. కానీ ఆమె తన మాటకు అచ్చులో చోటు ఉందని తెలుసుకోవడానికి అరవై ఏళ్ళు పట్టింది.

'కొండపొలం' చదివేటప్పుడు గొర్లు మేపిన ముసలాయన ఒకరు అరుగు చివర కూర్చునేవారు. ఒకరోజు, "ఆ రాసినాయప్ప గొర్ల ఎనక తిరిగినోడే అయ్యుండల్ల" అన్నారు. విమర్శకులు పది పేజీల్లో రాసే మాట అది.

'పెన్నేటి పాట' మొదలుపెట్టిన మూడో రాత్రి ఆమె నన్ను ఆపింది. "చాలు మే. ఈ పొద్దుకు చాలు" అంది. ఆ మరుసటి రాత్రి కూడా వద్దంది. నాలుగు రోజులు మేము ఏమీ చదవలేదు. ఆకలిని గురించి రాసింది నేను చదువుతున్నాను, ఆమె మాత్రం గుర్తు చేసుకుంటోంది. ఐదో రోజు తనే ఫోన్ చేసి, "కానీ, చదువు" అంది. పూర్తి చేసినాము. చదవలేక ఆపిన పుస్తకాన్ని చదవనట్టు లెక్కగట్టకూడదని ఆ నాలుగు రోజుల్లో తెలిసింది నాకు.

ఇక ముసలమ్మ. చెరువు కట్ట తెగబోతుంది. బసిరెడ్డి చిన్న కోడలు ముసలమ్మను బలిస్తేనే కట్ట నిలుస్తుందని అమ్మవారి పలుకు వినబడుతుంది. ఆమె అందరి దగ్గరా సెలవు తీసుకొని నీళ్ళలోకి పోతుంది. బడిలో ఈ కథ విన్నప్పుడు మేము ఆడపిల్లలందరం ఏడ్చినాము, ఎంత గొప్ప త్యాగమో అనుకున్నాము. ఇప్పుడు నేను పద్యం చదివి, అర్థం చెప్పి, ముగించినాను. అవతల చాలాసేపు మాట లేదు. లైను కట్టయిందేమో అనుకున్నాను. తర్వాత ఆమె గొంతు వచ్చింది. "కట్ట తెగితే ఆడపిల్లే అడ్డం పడల్లనా మే? ఊర్లో ఇంకెవురూ లేకపోయిరా?"

నేను జవాబు చెప్పలేదు. ముసలమ్మను గొప్పగా తలుచుకోవడం తప్పని నేను అనను. కట్టమంచి వారి పద్యం చదివితే కండ్లు ఇప్పటికీ తడుస్తాయి. కానీ ఆ ప్రశ్న అడగడానికి ఆమెకున్న హక్కు ఇంకెవరికుంది? సారు మూడో ప్రశ్నకు నేను ఇన్నేళ్ళలో విన్న మంచి జవాబు అదే.

ఈ సభకు రమ్మని ఆమెను పిలిచినాను. ఇద్దరం కలిసి బస్సులో వద్దామన్నాను. "నేనెట్ల వస్తా? నేను పాసు కాలేదు కదా. పాత విద్యార్థులంటే పాసైనోళ్ళు" అంది. అట్లేం లేదని చెబుదామని మన సంఘం సభ్యత్వ పత్రం తీసి చూసినాను. పేరు, ఊరు, ఉద్యోగం, తర్వాత ఒక గడి ఉంది. 'పదో తరగతి ఉత్తీర్ణులైన సంవత్సరం'. ఆ గడిలో ఆమె ఏం రాయాలి?

ఎవరినీ తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఆ పత్రం తయారు చేసినప్పుడు కమిటీలో నేనూ ఉన్నాను, నాకూ తోచలేదు. కానీ యాభై ఏళ్ళ ఈ సంఘంలో ఉన్న మన పేర్ల పక్కన, కరువులో, పెళ్ళిళ్ళలో, వలసల్లో బడి మధ్యలో వదిలిపోయినవాళ్ళ పేర్లు రాస్తే రిజిస్టరు ఎంత లావవుతుందో ఒక్కసారి ఊహించండి. మీ బెంచిలో మీ పక్కన కూర్చున్నది ఎవరో ఇప్పుడు గుర్తు తెచ్చుకోండి. ఈ సభలో ఉన్నారా వాళ్ళు?

నా విన్నపాలు మూడు, సారు ప్రశ్నల మాదిరే.

ఒకటి. ఆ గడిలో 'ఉత్తీర్ణులైన సంవత్సరం' తీసేసి, 'ఈ బడిలో చదివిన సంవత్సరాలు' అని పెట్టండి. ఖర్చేమీ లేదు, ఒక లైను అచ్చు మార్చడమే.

రెండు. బడి లైబ్రరీకి మనం పుస్తకాలు ఇస్తామంటే ఇంట్లో అడ్డమైన పాత గైడ్లు మూటగట్టి ఇస్తున్నాము. అది మానుకుందాం. ఏడాదికి ఒక్కొక్కరు ఒక్క పుస్తకం, మనం నిజంగా చదివినది ఇద్దాం. లోపల ఒక చీటీ పెడదాం. ఎందుకు చదివినాను, ఏ పేజీ నచ్చింది, యాడ అర్థం కాలేదు. కింద సంతకం. ఆ పుస్తకం తీసుకున్న పిల్లకు, ఇంత పెద్ద మనిషికి కూడా అర్థం కానిది ఉంటుందని తెలియాలి. బీరువాకు తాళం ఉండనీండి, కానీ మధ్యాహ్నం అన్నం బెల్లు నుంచి సాయంత్రం దాకా తీసి పెట్టమని ఇప్పటి హెడ్మాస్టరు గారిని చేతులు జోడించి అడుగుతున్నాను. 1935లో కృష్ణా కాలువల మీద పెదపులివర్రు దగ్గర పడవలో లైబ్రరీ నడిపినారు. వాళ్ళకు నీళ్ళున్నాయి, పుస్తకాలను పడవెక్కించినారు. మనకు పడవ తేలే నీళ్ళు లేకపోవచ్చు, ఫోన్లు మాత్రం ప్రతి పల్లెలో ఉన్నాయి. రాత్రి అరగంట చదివే గొంతులు పది దొరికితే పది అరుగులు వింటాయి.

మూడు. పిల్లలకు ఒక మాట. మన పుస్తకాలు రాసినవాళ్ళు యాడనుంచో దిగిరాలేదు. బండి నారాయణస్వామి గారు బడిపంతులు. సింగమనేని నారాయణ గారు తెలుగు పండితులు. 'పంచమం' రాసిన చిలుకూరి దేవపుత్ర గారు రెవెన్యూలో ఉద్యోగం చేసినారు. చియ్యేడులో పుట్టిన పుట్టపర్తి నారాయణాచార్యులు గారు మీ వయసులో 'పెనుగొండ లక్ష్మి' రాస్తే, తర్వాత ఆయన విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు అదే పుస్తకం ఆయనకే పాఠ్యంగా వచ్చిందని చెబుతారు. మీ బెంచీల్లోనూ అట్లాంటివాళ్ళు ఉంటారు. వాళ్ళు బడి మానకుండా చూసే పని మాత్రం మాది.

ఆమె ఇంట్లో మనవరాలు ఇప్పుడు ఈ బడిలోనే తొమ్మిదో తరగతి చదువుతోంది. పోయిన నెల నుంచి నా అరగంటలో రెండు పేజీలు ఆ పిల్ల చదువుతోంది. తడబడుతుంది. అవ్వ దిద్దుతుంది. అచ్చరాలు మర్చిపోయిన అవ్వ వినికిడితోనే దిద్దుతుంది. ఆ పిల్ల ఈ హాల్లోనే ఎక్కడో వెనక నిలబడి ఉంది, నేను చెప్పింది చెప్పినట్టు ఇంటికి పోయి అవ్వకు చెబుతుంది. అందుకని అబద్ధం చెప్పే వీలు నాకు ఈసారీ లేదు.

భోజనాలకు లేస్తాము కదా. వరుసలో నిలబడినప్పుడు పక్కనున్నవాళ్ళను పిల్లలేం చేస్తున్నారు, ఇల్లు కట్టినారా అని అడిగే ముందు, ఇప్పుడేం చదువుతాండారని అడగండి. ఏమీ లేదంటే నవ్వద్దండి. ఇరవై ఏళ్ళు నేనూ అదే జవాబు చెప్పినదాన్నే.